బాతుల కుంటలో పడ్డ మాట

తెల్లారగానే బాతులమ్మ చేసే మొదటి పని బాతుల్ని లెక్కపెట్టడం. మొహం కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. గూడు తలుపు తీసి, నడుం మీద చెయ్యేసుకుని నుంచుని, ఒక్కోటీ బయటికొస్తుంటే దాన్ని పేరుతో పలకరించేది. ముందుగా గుమాస్తా వచ్చేవాడు. ఆఫీసుకి ఆలస్యమైన మనిషిలా మెడ ముందుకు చాచి, చేతులు వెనక్కి కట్టుకున్నట్టు నడిచే మగబాతు వాడు. వాడి వెనక కుంటిది, దాని వెనక నత్తిది, ఆ తర్వాత పెళ్ళికూతురు, ఇలా పద్దెనిమిది. పద్దెనిమిదీ వచ్చాక "ఊఁ, అందరూ ఉన్నారు" అనుకుని కుళాయి దగ్గరికి వెళ్ళేది. సాయంత్రం గూట్లోకి తోలేటప్పుడు మళ్ళీ అదే తంతు. పొయ్యి మీద పాలు మర్చిపోయేదేమో గానీ బాతుల లెక్క మాత్రం ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. వీధిలోవాళ్ళు ఆవిడ అసలు పేరు ఎప్పుడో వదిలేశారు.

మొన్నమొన్నటిదాకా అవి పాతిక. ఏడింటిని కాలవ మింగేసింది. ఎగువన రంగుల కార్ఖానా వచ్చిన దగ్గర్నుంచి, వాళ్ళు ఏ రోజు ఏ రంగు అద్దితే ఆ రోజు కాలవ ఆ రంగులో పారేది. నీలం రోజున రెండు, ఎర్ర రోజున నాలుగు మెడలు వాల్చేశాయి. ఇంకోటి ఏ రంగు తాగి పోయిందో తెలియలేదు. బాతులమ్మ మోకాళ్ళు కూడా అప్పటికే మొరాయిస్తున్నాయి. గట్టు దిగితే ఎక్కలేదు, ఎక్కితే దిగలేదు.

"ఇంక కాలవ మాటెత్తకమ్మా," అన్నాడు కొడుకు. "పెరట్లో కుంట కట్టేద్దాం. పక్కనే గూడు, చుట్టూ మెష్, పైన రేకులు, అన్నీ వేసిపెడతాను. నువ్వు మంచం మీద కూచుని కాసుకోవచ్చు."

"కాంక్రీటు కుంటా?"

"కాంక్రీటు కాకపోతే కాగితంతో కడతానా? మేస్త్రినమ్మా నేను."

బాతులమ్మ వెంటనే ఊఁ అనలేదు. ఎందుకనలేదో చెప్పాలంటే ఆ ఇంటి సంగతి కాస్త చెప్పుకోవాలి.

ఆ ఇంటి మగవాళ్ళు పోసిన కాంక్రీటుకి చెవులుంటాయి. ఆవిడ మామగారు పోసినా, మొగుడు పోసినా, ఇప్పుడు కొడుకు పోసినా అంతే. అది పచ్చిగా ఉన్నప్పుడు దాని మీద ఎవరి నోరైనా జారితే, ఆ మాటని పట్టుకుని గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఆ మాట ప్రకారమే నడుచుకుంటుంది. ఊళ్ళో ఇది తెలియనివాళ్ళు లేరు, తెలిసి ఆశ్చర్యపోయినవాళ్ళూ లేరు. పోస్టాఫీసు గచ్చు ఆరకముందు ఒక బంట్రోతు ఆవలిస్తూ "నిద్రొస్తోందిరా" అన్నాడు. ఇప్పటికీ ఆ కిటికీ ముందు లైన్లో నుంచున్నవాళ్ళకి రెప్పలు వాలిపోతాయి. బడి మెట్లలో మూడోది ఎవరో "ఆగరా" అంటే విన్నది. పిల్లలు ఎంత పరుగున వచ్చినా ఆ మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పరిగెడతారు. అందుకే మేస్త్రి కాంక్రీటు పోసే రోజున చుట్టుపక్కలవాళ్ళు పోట్లాటలు తలుపులేసుకుని పెట్టుకుంటారు, రేడియోలు కట్టేస్తారు, కూలీలు సైగలతో పని చేస్తారు. పోనీ మంచిమాటలు చెప్పి పోసెయ్యొచ్చు కదా అని తెలివిగా అడిగేవాళ్ళూ లేకపోలేదు. అలా కుదిరితే ఈపాటికి ఊళ్ళో అందరూ నూరేళ్ళు బతికేవాళ్ళు. కావాలని చెప్పిన మాట సిమెంటుకి ఎక్కదు. నోరు జారిన మాటే ఎక్కుతుంది.

ఎక్కిన మాట పోవాలంటే పగలగొట్టడం ఒక్కటే దారి. మాట పడ్డ చోట ఆఖరి దెబ్బ ఎవరు వేస్తారో, ఆ మాట వాళ్ళకి చుట్టుకుంటుంది. ఇది బాతులమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆవిడ మొగుడు, పెద్దమేస్త్రి, ఆస్పత్రి మెట్లు పోస్తున్నప్పుడు ఒక కూలీ చేతిలోంచి కాంక్రీటు గమేళా జారింది. "అరె, జారిందే" అన్నాడు వాడు. నెల తిరక్కుండా ముగ్గురు రోగులు ఆ మెట్టు మీదే జారిపడ్డారు. పెద్దమేస్త్రి ఎవరికీ చెప్పకుండా సమ్మెట తీసుకెళ్ళి ఆ మెట్టు పగలగొట్టి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన చేతిలో ఏదీ ఆగలేదు. గ్లాసు జారేది, తాపీ జారేది, తినబోయిన ముద్ద నోటిదాకా వచ్చి జారేది. రెండు చేతులతో పట్టుకుని నీళ్ళు తాగుతూ "చంటిపిల్లాణ్ణయిపోయానే" అని నవ్వేవాడు. ఏడాదిలోపే, మూడో అంతస్తు పరంజా మీద, పట్టుకున్న కర్ర జారింది.

కాంక్రీటంటే ఆవిడకి అందుకే దడ. కానీ కళ్ళ ముందు బాతులు రంగునీళ్ళు తాగి పడిపోతుంటే ఏం చేస్తుంది?

"సరే, కట్టు," అంది చివరికి. "కానీ పోసే రోజున ఈ ఇంట్లో ఎవరూ నోరు విప్పడానికి వీల్లేదు. ముందు నీ పెళ్ళానికి చెప్పు. అది నిద్రలో కూడా మాట్లాడుతుంది."

"నా సంగతి సరే అత్తయ్యా," అంది కోడలు గుమ్మంలోంచి. "ముందు మీరు బాతులతో కబుర్లు ఆపండి చాలు."

కోడలికి నాలుగో నెల. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకసారి మూడో నెలలో పోయింది, ఇంకోసారి అయిదో నెలలో, చొక్కాలు కూడా కుట్టించాక పోయింది. ఆ చొక్కాలు బాతులమ్మే తన పెట్టె అడుగున దాచేసింది. ఈసారి సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. కోడలి చేత బిందె ఎత్తనివ్వలేదు, మెట్టు ఎక్కనివ్వలేదు. ఎవరైనా ఇంటికొస్తే "లోపలికి పో" అని కళ్ళతోనే కసిరేది. పైకి చూస్తే గయ్యాళి అత్త అనిపిస్తుంది. లోపల మాత్రం ఆ బిడ్డ ఒక్కటి దక్కితే చాలు, ఇంకేమీ అడగనని ఆవిడ రోజుకి వందసార్లు అనుకునేది.

పని మొదలైంది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. మేస్త్రి మట్టి తవ్వించి, దిమ్మిసతో అణగ్గొట్టించి, కంకర పరిచాడు. ఒక పక్క గోడ బదులు వాలు పెట్టాడు, లేకపోతే బాతులు దిగడమే గానీ ఎక్కలేవు. అడుగంతా ఒక మూలకి వాటంగా తీసి, అక్కడ మురికినీళ్ళు పోవడానికి గొట్టం పెట్టి, దానికి బిరడా చెక్కించాడు. ఇనప చువ్వలు అల్లి కట్టాడు. తల్లి కోసం కడుతున్నాడేమో, నాలుగంగుళాలు చాలే చోట అయిదంగుళాలు పోద్దామనుకున్నాడు.

పోసే రోజు వచ్చింది. పొద్దున్నే బాతుల్ని ముందుగదిలోకి తోలేశారు. అవి అరిచినా ఫరవాలేదు, వాటి అరుపుకి అర్థం లేదు కాబట్టి సిమెంటు పట్టించుకోదు. కోడలు మంచం మీద కూచుని పమిట నోట్లో కుక్కుకుంది. ఇద్దరు కూలీలు మాలు కలుపుతుంటే పార చప్పుడు తప్ప ఇంకేం లేదు. మధ్యాహ్నానికి అడుగు, గోడలు అన్నీ అయిపోయాయి. మేస్త్రి తాపీతో నున్నగా తీసి, పనిముట్లు కడగడానికి కూలీలతో వీధిలోకి వెళ్ళాడు. పిల్లులూ కుక్కలూ అడుగు పెట్టకుండా చూడమని తల్లికి సైగ చేశాడు. బాతులమ్మ కర్ర పట్టుకుని గోడ వారన, బిరడా ఉన్న మూల దగ్గర నుంచుంది.

అప్పుడు గోడ మీదుగా టైలరమ్మ తల పైకి లేచింది.

పక్కింటి టైలరమ్మ మంచిదే, పాపం. ఇంట్లో రోజంతా మిషను తొక్కుకుంటూ బతుకుతుంది. కాకపోతే ఆవిడ కళ్ళ గురించి వీధిలో ఒక మాట ఉంది. ఆవిడ "భలే ఉందే" అన్న కుండీ మొక్క వాడిపోతుందని, మెచ్చుకున్న జాకెట్టు చిరుగుతుందని. నిజమెంతో తెలీదు గానీ బాతులమ్మ నమ్మేది. టైలరమ్మ ఇవాళ మాట్లాడకూడదని తెలిసిన మనిషి కాబట్టి, కిటికీలో కనిపిస్తున్న కోడలి వైపు వేలు చూపించి, తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని, నాలుగు వేళ్ళు ఎత్తి, కళ్ళెగరేసింది. నాలుగో నెలా అని అడగడం. అడుగుతూ మొహమంతా విప్పార్చి నవ్వింది.

బాతులమ్మ కిటికీకి అడ్డంగా జరగబోయింది. ఆ కళ్ళు కోడలి కడుపు మీదే ఉన్నాయి. చూపు పడిపోయింది. దిష్టికి సైగలు సరిపోవు. దాన్ని నోటితోనే కొట్టిపారెయ్యాలి, అసలక్కడ చూడ్డానికేమీ లేదని చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు మేస్త్రుల ఇంట్లో బతికిన మనిషి, ఆ క్షణంలో కాళ్ళ దగ్గరున్నదేమిటో మర్చిపోయింది.

"ఇదీ నిలవదులే వదినా," అనేసింది.

అన్నాక గానీ తెలియలేదు అన్నట్టు. టైలరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెనక్కి దిగిపోయింది. బాతులమ్మ కిందికి చూసింది. తడి కాంక్రీటు మీద, సరిగ్గా ఆ మూలన, రూపాయి బిళ్ళంత బుడగ ఒకటి లేచి, ఏమీ తెలియనట్టు మళ్ళీ సర్దుకుంది.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తుంది? బిడ్డ నిలవదని అన్నానని కోడలితో చెప్పడమా? నేను అన్నది ఎంత చిన్నగా అన్నానో, సిమెంటుకి వినిపించి ఉండదులే అని తనకి తాను నచ్చచెప్పుకుంది. గోనెపట్టాలు తడిపి కప్పి, పదిరోజులు పూటపూటా నీళ్ళు పోసింది. మూల దగ్గర ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసింది, నీళ్ళు పోస్తే మాట కరుగుతుందన్నట్టు.

ఈలోగా మేస్త్రి గూడు కట్టేశాడు. ముంగిసలు తవ్వకుండా మెష్‌ని అడుగు లోతు భూమిలో పాతాడు. కింద ఊక పరిచాడు. గడియ దగ్గర మాత్రం తల్లి పేచీ పెట్టింది.

"బయటికే పెట్టు. ఆ గుమాస్తాగాడు పాత గూడు గడియ ముక్కుతో ఎత్తేస్తున్నాడు, దొంగవెధవ. లోపల్నుంచి ఏం చేసినా రాకూడదు."

మేస్త్రి ఆలోచించి ఇనప గడియ ఒకటి చేయించాడు. ఎత్తి, లాగి, తిప్పితేగానీ రాదు. బాతులమ్మ తనే లోపలికెళ్ళి, తలుపేయించుకుని, మెష్ సందుల్లోంచి వేళ్ళు దూర్చి నానా తంటాలూ పడింది. రాలేదు.

"బాగుంది," అంది తృప్తిగా. "మనిషికే రావట్లేదు, ఇంక బాతుకేం వస్తుంది?"

"తియ్యమంటారా, ఉంచెయ్యమంటారా అత్తయ్యా?" అని కోడలు ఆటపట్టించింది. చాలా రోజుల తర్వాత ముగ్గురూ నవ్వుకున్నారు.

కొత్త కుంటలోకి బాతుల్ని వెంటనే దింపకూడదు. సున్నం ఘాటు పోవడానికి రెండు మూడుసార్లు నీళ్ళు నింపి వదిలెయ్యాలి. మేస్త్రి సాయంత్రం గొట్టం పెట్టి అంచుదాకా నింపాడు. పొద్దున చూస్తే కుంటలో చుక్క లేదు. బిరడా బిగించింది బిగించినట్టే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ అంగుళం అంగుళం వెతికాడు, వెంట్రుకవాసి పగులు కూడా లేదు. చుట్టూ తవ్వి చూశాడు, మట్టి పొడిగా ఉంది. సిమెంటు పాలు రెండు పూతలు పట్టించి మళ్ళీ నింపాడు. మళ్ళీ అంతే. మూడోసారి పగలే నింపి, పక్కనే కూచుని చూశాడు. నీళ్ళు ఎటూ పోవట్లేదు. ఉన్నచోటే తగ్గిపోతున్నాయి. మధ్యాహ్నం భోజనం వేళకి అడుగు కనిపించింది.

మేస్త్రి లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఎవరో ఏదో అన్నారు."

తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా?"

"నేనేం అన్లేదు," అంది బాతులమ్మ. ముప్ఫై ఏళ్ళలో కొడుకుతో ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం కాకపోవచ్చు గానీ, గొంతుకి అడ్డంపడ్డ అబద్ధం అదే.

కూలీల్ని అడిగాడు, ఒట్లు పెట్టుకున్నారు. చివరికి పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వు నిద్రలో గొణుగుతావు కదా. ఆ మధ్యాహ్నం కునుకు తీశావా?"

"లేదే..." అంది కోడలు. ఆ తర్వాత ఆలోచనలో పడింది. తీశానేమో అంది. మర్నాటికి తీశాననే అంది. రెండు రోజులయ్యేసరికి తనే ఏదో అన్నానని తీర్మానించుకుని, కుంట గట్టున కూచుని ఏడుపు మొదలెట్టింది. "నా నోరే అంత. నా ఒంట్లోనే ఏదీ నిలవదు, ఇంక నీళ్ళేం నిలుస్తాయి?"

ఆ మాట వింటూ బాతులమ్మ వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెప్పాలనే గుమ్మం దాకా వచ్చింది. కోడలి మొహం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. పిరికిది అనండి, పాపాత్మురాలు అనండి, ఆవిడే తనని తాను అంతకంటే ఎక్కువ అనుకుంది.

ఆ వారంలోనే కోడలికి మరక కనబడింది.

నర్సమ్మ వచ్చి చూసింది. "బిడ్డ ఇంకా ఉంది. కానీ కదలకూడదు. మంచం మీంచి కాలు కింద పెట్టావంటే నా పూచీ లేదు," అంది. మేస్త్రి మంచానికి కాళ్ళ వైపు రెండేసి ఇటుకలు ఎత్తు పెట్టాడు. ఇళ్ళన్నీ ఇటుకలతో కట్టే మనిషి, ఆ నాలుగు ఇటుకల్నీ మూడుసార్లు తీసి, మళ్ళీ పెట్టి సరిచూసుకున్నాడు. బయటికొచ్చి ఎండిపోయిన కుంట వైపు చూసి, తల్లితో చిన్నగా అన్నాడు.

"అమ్మా, ఆ మాటేదో నీళ్ళతో ఆగేట్టు లేదు. ఇంట్లోకి వచ్చింది. రేపు స్లాబు పని ఉంది, మానడానికి లేదు. ఎల్లుండి పగలగొట్టేస్తాను."

"నువ్వా?"

"మరెవరు?"

"పరంజాలెక్కేవాడివి. నీకు కాలు నిలవకపోతే?"

మేస్త్రి తల్లి మొహంలోకి చూశాడు. "నిలవకపోవడమేంటి? ఆ మాట నిలవదనేదేనని నీకెలా తెలుసు?"

"నీళ్ళు నిలవట్లేదు కదా, అందుకన్నాను," అని బాతులమ్మ చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? పెద్దమేస్త్రిని ఒకసారి సాగనంపింది, కొడుకుని కూడా సాగనంపడం ఆవిడ వల్ల కాదు.

మర్నాడు కొడుకు పనికెళ్ళాడు. బాతులమ్మ బాతుల్ని లెక్కపెట్టింది. పద్దెనిమిది. కోడలికి పాలు పట్టించి, మొహం తుడిచి, తల దువ్వింది. ఆ తర్వాత మొగుడి సమ్మెట బయటికి తీసి, కొంగు నడుముకి దోపుకుని, కుంటలోకి దిగింది.

మొదటి దెబ్బకి సమ్మెట ఎగిరి వెనక్కొచ్చింది. అయిదంగుళాలు పోశాడు మరి, తల్లి మీద ప్రేమతో.

"అత్తయ్యా, ఏంటా చప్పుడు?" కిటికీలోంచి కోడలి గొంతు.

"గూడు సరిచేస్తున్నా. పడుకో."

ఇంకో దెబ్బ. ఇంకోటి.

"గూడు కాదది. కుంటలో చప్పుడు. అత్తయ్యా! నేను లేచొస్తున్నా."

"లేచావంటే నా మీద ఒట్టే!" బాతులమ్మ గట్టిగా అరిచింది. "నువ్వు లేస్తే ఇదంతా దండగ. పడుకుని విను. నువ్వేం అన్లేదు. కునుకూ తియ్యలేదు, గొణగనూ లేదు. అన్నది నేను."

బాతులమ్మ కొడుతూనే చెప్పింది. ఒక్కో దెబ్బకీ ఒక్కో ముక్క. టైలరమ్మ తల ఎత్తింది. నాలుగు వేళ్ళు చూపించింది. నాకు భయమేసింది. నీ కడుపు మీద చూపు పడిందని భయమేసింది. ఇదీ నిలవదులే అన్నాను. నిలవాలనే అన్నానమ్మా. నిలవాలనే.

కిటికీలోంచి కోడలి గొంతు వచ్చింది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. "ఇన్నాళ్ళూ నన్నెందుకు ఏడవనిచ్చారు అత్తయ్యా?"

"చెప్పడానికి మొహం చెల్లక."

సమ్మెట చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి మూల చుట్టూ పగుళ్ళు తేలాయి, చువ్వలు కనిపించాయి. బాతులమ్మ అరిచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. గోడ మీద మళ్ళీ టైలరమ్మ తల. ఈసారి సైగలు లేవు. గోడెక్కి, దిగి, చేతిలో తన ఇంటి సుత్తితో కుంటలోకి దిగింది.

"అడిగింది నేను వదినా. ఆఖరి దెబ్బ ఇద్దరం కలిసి వేద్దాం. చెరి సగం వస్తుంది."

"నీకు సూదిలో దారం నిలవకపోతే నీ బతుకేం కాను? పో అవతలికి."

"వదినా..."

"పోతావా, ఈ సమ్మెట నీ కాలి మీదెయ్యనా?"

టైలరమ్మ పోలేదు గానీ సుత్తి కింద పెట్టేసి, అరిచేతులకి కట్టుకోమని తన కొంగు చింపి ఇచ్చింది. కుట్టే మనిషి, చింపడం ఆవిడకి అలవాటు లేదు. వంకరగా చిరిగింది.

ఆఖరి దెబ్బకి మూలలోంచి చిన్న పెళ్ళ ఒకటి ఊడివచ్చింది. దాని వెనకే మాట బయటికొచ్చింది. బాతులమ్మ గొంతే, ఆ రోజు అన్నట్టే, కంగారుగా: "ఇదీ నిలవదులే వదినా." పెరడంతా వినిపించింది. గూడు పక్కన బాతులు ఒక్కసారి అరిచి ఊరుకున్నాయి.

బాతులమ్మ ఊపిరి బిగబట్టి నుంచుంది. కాళ్ళు నిలిచాయి. మోకాళ్ళు నొప్పే గానీ నిలిచాయి. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చింది, అదీ నిలిచింది. లోపలికెళ్ళి ఒక గ్లాసు మజ్జిగ తాగి, కడుపులో నిలుస్తుందా లేదా అని గోడకానుకుని కూచుంది. నిలిచింది.

"ఏమీ కాలేదే అమ్మాయ్!" అంది కోడలితో, ఆశ్చర్యంగా. "నా ముసలి ఒంట్లో దానికి చోటు దొరకలేదు కాబోలు."

కోడలు చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కట్టుగుడ్డ తడిసి ఉంది.

సాయంత్రం బాతుల్ని గూట్లోకి తోలుతూ బాతులమ్మ లెక్కపెట్టింది. గుమాస్తా ఒకటి, కుంటిది రెండు, నత్తిది మూడు, పెళ్ళికూతురు... పెళ్ళికూతురు ఎంత? మళ్ళీ అన్నిటినీ బయటికి తోలి మొదలుపెట్టింది. ఒకటి, రెండు. ఆ తర్వాత ఏదో ఉండాలి. చీకటి పడుతుండగా మేస్త్రి పనినుంచి వచ్చేసరికి తల్లి బాతుల్ని లోపలికి తోలుతూ, బయటికి తోలుతూ, ఒకటి దగ్గరే తిరుగుతోంది. పక్కనే పగిలిన కుంట. కొడుకుని చూసి నవ్వింది.

"వచ్చావా నాయనా. ఇవెన్నో కాస్త చెప్పిపో. అంకె నిలవట్లేదు."

మేస్త్రి అన్నం తినలేదు. పగిలిన కుంటలో, పెళ్ళల మధ్య కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు మంచం మీంచి జరిగిందంతా చెప్పింది. విన్నాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికి తెలియలేదు.

కోడలికి మరక ఆ రోజుతో ఆగిపోయింది. మేస్త్రి పెళ్ళలన్నీ ఎత్తిపోసి కుంట మళ్ళీ పోశాడు. ఈసారి తల్లిని టైలరమ్మ ఇంట్లో కూచోబెట్టి, తన నోటికి తనే గుడ్డ కట్టుకున్నాడు. నీళ్ళు నింపితే నింపినట్టే నిలిచాయి. బాతులు దిగి మునిగి తేలాయి. వాటిని చూసి బాతులమ్మ ముచ్చటపడి, "ఎవరివమ్మా ఈ బాతులు? ఎంత బాగున్నాయి!" అంది.

నెలలు నిండుతున్న కొద్దీ ఆవిడలో ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చింది. ముందు అంకెలు పోయాయి, తర్వాత నిన్నలు, తర్వాత ఇంటి దారి. కాన్పు నాటికి కోడల్ని "ఎవరమ్మాయివి?" అని అడుగుతోంది. ఆడపిల్ల పుట్టింది. పొత్తిళ్ళలో తెచ్చి ఒళ్ళో పెడితే సంబరంగా చూసి, ఒక గంట తర్వాత ఒళ్ళో ఎవరి బిడ్డ ఉందో తెలియక కంగారుపడింది. పెట్టె అడుగున దాచిన చొక్కాలు కోడలే వెతికి తీసింది. అవెక్కడివని అత్తగారు అడిగితే, "మీరు దాచినవే" అని చెప్పింది.

ఒకసారి వీధి తలుపు తీసి ఉంటే కాలవకి వెళ్ళిపోయింది. వెనక బాతుల్లేవు, చేతిలో కర్ర ఒకటే ఉంది. ఎవరో చూసి పరిగెత్తేసరికి ఎర్రటి నీళ్ళలో నడుం లోతున నుంచుని, లేని బాతుల్ని అదిలిస్తోంది. రెండోసారి కూడా వెళ్ళింది. మూడోసారి వెతకడానికి ఒక పగలంతా పట్టింది. మేస్త్రికి పనికి పోక తప్పదు. కోడలికి చంటిపిల్ల, వంట, నీళ్ళు. ఇంట్లో ఏ తలుపు వేసినా బాతులమ్మ గొళ్ళెం తీసేస్తుంది, చేతులకి ఇంకా ఆ విద్య ఉంది. తియ్యలేనిది ఒక్కటే.

ఆ ఆలోచన ముందు ఎవరికొచ్చిందో ఇద్దరూ పైకి చెప్పుకోలేదు. మేస్త్రి ఒక రోజు గూట్లో సగం ఊడ్చి, కొత్త ఊక పోసి, ఒక కుర్చీ వేశాడు. కుంటకీ కుర్చీకీ మధ్య నడుమెత్తు కటకటాలు పెట్టాడు. పని చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

బాతులమ్మకి అక్కడ బాగానే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కుర్చీలో కూచుని బాతుల్ని చూస్తుంది. గుమాస్తా వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంటాడు. గోడ అవతల టైలరమ్మ మిషను తొక్కుతూ, మధ్యమధ్యలో ఆపి, "వదినా, ఉన్నావా?" అని కేకేస్తుంది. "ఆఁ, ఉన్నా," అంటుంది ఈవిడ, ఎవరు పిలిచారో తెలియకపోయినా.

రోజూ పొద్దున ఇంటి పని మొదలెట్టే ముందు కోడలు పిల్లని ఎత్తుకుని గూట్లోకి వెళ్తుంది. కాసేపు అత్తగారి పక్కన ఊకలో కూచుంటుంది. ఇవాళా అలాగే కూచుంది. చంటిది బాతుల్ని చూసి చేతులూపింది.

"ఎవరి పిల్లమ్మా?" అంది బాతులమ్మ.

"మన పిల్లే అత్తయ్యా. మీ మనవరాలు."

బాతులమ్మ అటూ ఇటూ చూసింది. గోడ వైపు ప్రత్యేకంగా చూసింది. ఆ తర్వాత దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది.

"నిలిచిందా?"

బాతుల పేర్లు పోయాయి, కొడుకు పేరు పోయింది, తన పేరు పోయింది. ఈ ఒక్క ప్రశ్న ఆవిడలో ఎలా నిలిచిపోయిందో ఎవరికీ అంతుబట్టదు.

"నిలిచింది అత్తయ్యా."

బాతులమ్మ వెనక్కి వాలి, బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది. కళ్ళు తుడుచుకుంది. పిల్ల బుగ్గ మీద వేలు పెట్టింది. కోడలు పిల్లని చంకనేసుకుని లేచి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మాయ్," లోపల్నుంచి పిలిచింది బాతులమ్మ. మెష్ సందుల్లోంచి వేళ్ళు బయటికొచ్చాయి. "ఎవరి పిల్లమ్మా అది? నిలిచిందా?"

"నిలిచింది అత్తయ్యా," అంది కోడలు. గడియ ఎత్తి, లాగి, తిప్పింది.